ఆటలో చేసిన పని ఎవరిది?



మనుష్యుడు తాను చేసిన పనికి లెక్క చెప్పవలెనని మనమందరము ఒప్పుకొందుము. మరి ఆటలో చేసిన పనికో? అక్కడ చచ్చినవాడు నిజముగా చావలేదు. అక్కడ దొంగిలింపబడిన రొట్టె ఎవని కంచములోనిదియు కాదు. గుమ్మమునుండి త్రోసివేయబడిన స్త్రీ తెరమీది బొమ్మయే గాని ప్రాణముగల మనిషి కాదు. "ఆటే గదా!" అని పిల్లలందురు. "పనికిమాలిన ఆట" అని పెద్దలందురు. ఈ రెండు మాటలు వేరువేరుగా వినబడినను వాటి అర్థమొక్కటే. అక్కడ జరిగినది లెక్కలోనికి రాదని ఇద్దరును చెప్పుచున్నారు. అది నిజమేనా అని కొంచెము నిదానముగా ఆలోచింతము.

ఈ మధ్య నేను మూడు వీడియో గేములను మొదటినుండి కడవరకు ఆడి ముగించితిని. చదివి ముగించిన పుస్తకమును గూర్చి అరుగుమీద కూర్చుండి పొరుగువానితో చెప్పినట్లు, వాటిని గూర్చి మీతో చెప్పవలెనని నా కోరిక. వీటిని ఎన్నడును చూడనివారికొరకు ఒక మాట. ఇది కంప్యూటరు తెరమీద నడచు కథ. ఐతే సినిమాలో కథానాయకుడు ఏమి చేయునో మనము చూచుచుందుము. ఇందులో ఏమి చేయవలెనో మన వ్రేలు నిర్ణయించును. తలుపు తెరువుమని మనము మీట నొక్కినగాని తలుపు తెరువబడదు. కొట్టుమని నొక్కినగాని దెబ్బ పడదు.

మన యిండ్లలో వైకుంఠపాళి ఆడని వారుండరు. నిచ్చెన ఎక్కుట పుణ్యమునకును, పాము నోట పడుట పాపమునకును గుర్తులని పెద్దలు చెప్పుచు మనచేత ఆడించిరి. ఆట ద్వారా నీతి నేర్పుట మనకు క్రొత్త కాదు. కాని అందులో మనలను పైకి ఎక్కించునదియు క్రిందికి దించునదియు గవ్వలే. పాము నోట పడినవాడు ఏ పాపమును ఎన్నుకొనలేదు. గవ్వలు అట్లు పడినవి, అంతే. ఈ క్రొత్త ఆటలలో గవ్వలు లేవు, మన ఎన్నిక యున్నది. కాబట్టి మన ప్రశ్న ఇక్కడ ఇంకను పదునెక్కును.

ఇంకొక మాట ముందుగానే చెప్పవలెను. డబ్బు ఒడ్డి సెల్‌ఫోనులో ఆడు పేకాట, పందెములు నేను చెప్పుచున్న ఆటలలోనివి కావు. వాటివలన అప్పులపాలైన యిండ్లను మనమెరుగుదుము. వాటిని అరికట్టుటకు తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోను చట్టములను సవరించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి ఒక చట్టము చేసెను. అది వేరు సంగతి. నేను చెప్పబోవునవి డబ్బు పెట్టి గెలుచుకొను ఆటలు కావు.

మొదటి ఆట పేరు "పేపర్స్, ప్లీజ్". దీనిని లూకాస్ పోప్ అను ఆయన దాదాపు ఒంటరిగా తయారుచేసి 2013లో వెలువరించెను. కథ 1982లో, ఆర్‌స్టోట్జ్‌కా అను కల్పిత దేశపు సరిహద్దులో జరుగును. ఆడువాడు అక్కడ కాగితములు చూచు గుమాస్తా. ఒక్కొక్కరే కిటికీయొద్దకు వచ్చి పాస్‌పోర్టును, అనుమతి పత్రమును చేతికిత్తురు. పేరు, పుట్టిన దినము, ఊరు, ముద్ర, గడువు అన్నియు సరిచూచి పచ్చ ముద్రగాని ఎర్ర ముద్రగాని వేయవలెను. దినదినమునకు క్రొత్త నిబంధనలు వచ్చును. సరిగా పంపిన ఒక్కొక్క మనిషికి 5 నాణెముల చొప్పున కూలి. సాయంకాలము ఇంటి లెక్క తెరమీదికి వచ్చును: ఇంటి అద్దె, తిండి, చలి కాచుకొనుటకు వెచ్చదనము. ఇంటిలో భార్య, కుమారుడు, అత్త మొదలగువారున్నారు. డబ్బు చాలనినాడు వారు పస్తుందురు, చలికి వణకుదురు, జబ్బుపడుదురు, చివరకు చనిపోవుదురు.

ఒకనాడు ఒక మనుష్యుడు వచ్చును. అతని కాగితములు సరిగా నున్నవి. తన వెనుక తన భార్య వచ్చుచున్నదనియు, ఆమెయెడల దయచూపుమనియు చెప్పి అతడు లోపలికి పోవును. ఆమె వచ్చును. ఆమెయొద్ద ప్రవేశపు చీటి లేదు. వెనుకకు పంపినచో తన ప్రాణము దక్కదని ఆమె బ్రతిమాలును. నిబంధన ప్రకారము ఎర్ర ముద్ర వేయవలెను. వేయుదువా?

ఇక్కడ ఈ ఆటలోని ఒక చిన్న ఏర్పాటును గమనింపుడి. గుమాస్తా ఒక దినములో చేసిన మొదటి రెండు తప్పులకు హెచ్చరిక చీటి మాత్రమే వచ్చును. మూడవ తప్పునుండి జరిమానా మొదలగును. అనగా ప్రతి దినము రెండుసార్లు దయచూపుటకు అతనికి చోటున్నది. దానివలన అతని యింటివారి తిండి తగ్గదు. ఐతే ఆ రెండును ఏమగుచున్నవి? ఉదయముననే తొందరపాటున ఒక తేదీ చూడక ఒక తప్పు జరుగును. నిర్లక్ష్యమువలన ఒక ముద్రను గమనింపక రెండవ తప్పు జరుగును. ఆ స్త్రీ కిటికీయొద్దకు వచ్చువేళకు దయకు మిగిలియున్న చోటంతయు అజాగ్రత్త తినివేసియుండును. ఇప్పుడామెను రానిచ్చినచో కుమారుని తిండిలో కోత పడును. గుమాస్తా క్రూరుడు కాడు. అతని చేతిలో ఏమియు మిగులలేదు, అంతే.

ఇది చిన్న సంగతివలె కనబడును గాని, ఇందులో పెద్ద సత్యము దాగియున్నది. మనము దయను హృదయములోనిదని మాత్రమే తలంతుము. అది పనిలో జాగ్రత్తకు సంబంధించినదియు అయియున్నది. తన లెక్కలను సరిగా వ్రాసికొనిన రేషను దుకాణదారుడు, కార్డులో చిక్కు వచ్చిన ముసలమ్మను కూర్చుండబెట్టి, పైవారితో ధైర్యముగా మాటలాడి ఆమెకు బియ్యము ఇప్పింపగలడు. లెక్కలు చెడగొట్టుకొనినవాడు తన తప్పు బయటపడునను భయముతో, "రేపు రా" అని ఆమెను గద్దించి పంపును. వేళకు పని ముగించు ఆఫీసు గుమాస్తాకు, దరఖాస్తు వ్రాయరానివానికి వ్రాసిపెట్టుటకు పది నిమిషములు దొరకును. పని పేరబెట్టుకొనినవానికి దొరకవు. ఆపదలోనున్నవాడు మనయొద్దకు వచ్చు దినము మనకు ముందు తెలియదు. కాబట్టి ఆ దినమునకై చోటు ముందుగానే కాపాడుకొనవలెను.

అట్లని కాగితములను ప్రక్కన పెట్టి కన్నీరు కార్చిన ప్రతివానిని లోపలికి పంపుటయే నీతియని ఈ ఆట చెప్పదు. మరియొకనాడు ఒక స్త్రీ గుమాస్తాకు ఒక చీటి ఇచ్చును. తన వెనుక వచ్చు ఒక మనుష్యుడు తనవంటివారిని మోసపుచ్చి బానిసత్వములోనికి ఈడ్చువాడనియు, వానిని రానీయవద్దనియు ఆమె వేడుకొనును. వాడు వచ్చినప్పుడు చూడగా వాని కాగితములన్నియు సరిగానే యున్నవి! నిబంధన వానిని రానిమ్మనుచున్నది. నిర్దోషురాలి కాగితము చెడ్డది, దుష్టుని కాగితము మంచిది. కాగితమును చదువుట ఒకటి, మనిషిని చదువుట ఒకటి. రెండును చేయవలసివచ్చుటయే ఆ కిటికీయొద్ద కూర్చున్నవాని భారము. ఆట 31 దినములు నడచును. ఆడువాని ఎన్నికలనుబట్టి 20 విధములుగా ముగియవచ్చును.

రెండవ ఆట "అండర్‌టేల్". టోబీ ఫాక్స్ అను ఆయన దీనిని 2015లో వెలువరించెను. కథయు సంగీతమును ఎక్కువగా ఆయనవే. మనుష్యులకును వింత ప్రాణులకును పూర్వము యుద్ధము జరిగెను. ఓడిపోయిన ఆ ప్రాణులను మనుష్యులు భూమిక్రిందికి తరిమి మూసివేసిరి. ఒక మనుష్య బిడ్డ ఆ లోకములో పడిపోవును. తిరిగి ఇంటికి పోవుటకు దారి వెదకుటయే కథ.

ఇట్టి ఆటలలో పాత ఆచారమొకటి కలదు. దారిలో ఎదురైన ప్రాణిని చంపవలెను. చంపినకొలది అంకెలు పెరుగును. అంకెలు పెరిగినకొలది బలము పెరుగును. ఎన్నో ఆటలలో ఇట్లు అలవాటుపడిన ఆటగాడు ఇక్కడను అట్లే మొదలుపెట్టును. అయితే ఈ ఆటలో ఎవనిని చంపకుండ కడవరకు పోవచ్చును. ఎదుటి ప్రాణితో మాటలాడవచ్చును, దాని భయమును పోగొట్టవచ్చును, విడిచిపెట్టవచ్చును. ఐతే ఇది చవుకగా దొరకదు. చంపనివానికి అంకెలు పెరుగవు. మొదట ఇచ్చిన 20 పాళ్ల ప్రాణబలముతోనే, వచ్చిన దెబ్బలను తప్పించుకొనుచు, ఎంతో బలవంతుల యెదుట నిలువబడవలెను. దయచూపువాడు బలహీనుడుగానే మిగిలిపోవును. ఈ సంగతిని ఈ ఆట దాచిపెట్టదు, తీపిచేసి చెప్పదు. అందుకే నాకు దానిమీద గౌరవము కలిగెను.

కథ ఆరంభములో టోరియెల్ అను తల్లివంటి ఒకామె ఆ బిడ్డను చేరదీసి, వండిపెట్టి, పడకవేయును. బిడ్డ బయటికి పోదుననగా, బయట చంపుదురను భయముచేత ఆమె తలుపుకు అడ్డము నిలిచి పోరాడును. ఆమెను చంపక తప్పదని తోచును. నిజమునకు, ఆమె నిప్పులు విసరుచున్నను మనము ఎదురుదెబ్బ వేయక మాటిమాటికి "విడిచిపెట్టుము" అను మీటనే నొక్కుచుండిన యెడల చివరకామె మెత్తబడి దారి విడుచును. బిడ్డ బలము బాగుగా తరిగిపోయినప్పుడు ఆమె నిప్పులు వానికి తగులకుండ ప్రక్కకు తొలగిపోవును! కొట్టుచున్నను ఆమె తల్లియే. కాని దీనిని చూచుటకు ఓపిక కావలెను. రెండు మూడు సార్లు విడిచి, ఫలము కనబడనందున, "ఇక వేరే దారి లేదు" అని కొట్టువారు అనేకులు.

ఇట్టి ఆటలలో ముందు దాచియుంచిన స్థలమునకు తిరిగిపోయి మరల ఆడవచ్చును. ఆమెను చంపినవాడు మనస్సు నొచ్చి, వెనుకకు పోయి, ఈసారి విడిచిపెట్టెననుకొనుడు. ఆమె బ్రదికియే యున్నది, జరిగినదంతయు తుడిచివేయబడినది. కాని కొంచెము దూరము పోగానే ఫ్లవీ అను ఒక పువ్వు ఎదురై, వాడు ముందు ఏమి చేసెనో, దానిని ఎట్లు తుడుపుకొనెనో తనకు తెలియునని ఎత్తిపొడుచును. బొమ్మ తిరిగి లేచినది గాని చేసినవాని జ్ఞాపకము తుడిచివేయబడలేదు. కథ చివర మరియొక సంగతి బయటపడును. ఆ పెరుగుచు వచ్చిన అంకెలు నేర్పునకు గుర్తులు కావట. ఎందరిని చంపెనో, చంపుటకు మనస్సు ఎంత అలవాటుపడెనో వాటికి అవి కొలతలట. చంపినకొలది, ఎదుటివాని నొప్పి తనకు తగులుట తగ్గిపోవునట.

ఇక్కడ ఒక అభ్యంతరము వచ్చును, దానికి న్యాయముగా జవాబు చెప్పవలెను. చదరంగములో బంటును తీసివేసినవాడు హంతకుడా? కాడు. ఆటలో తుపాకి కాల్చు కుఱ్ఱవాడు వీధిలోనికి వచ్చి కాల్చునా? అట్లనుట అన్యాయము, ఎందరో పిల్లలు ఆడుచున్నారు, వారు మంచి పిల్లలే. ఆటలో ఎవనికిని హాని జరుగలేదు గనుక హాని చేసిన పాపము అక్కడ లేదు. ఇది నేను సంతోషముగా ఒప్పుకొందును.

కాని ఒక పనిలో రెండు భాగములున్నవి. ఎదుటివానికి జరిగినది ఒకటి. చేసినవానిలో జరిగినది మరియొకటి. మొదటిది ఆటలో లేదు. రెండవది ఉన్నది. చదరంగపు బంటుకు ముఖము లేదు, మొఱ లేదు. దానిని తీయునప్పుడు మనము ఏ మొఱను పెడచెవిని పెట్టలేదు. బ్రతిమాలు ముఖమును ఎదుట నిలిపినప్పుడు సంగతి మారును. అప్పుడు మనము విందుమో వినమో అది మన చెవి పని. బొమ్మ కల్పితమే గాని వినుట కల్పితము కాదు. మడిలో నాగలి పట్టకముందు ఇసుకలో పుల్లతో గీతలు గీయు పిల్లవాడు పంట పండింపలేదు. అయినను వాని చెయ్యి ఒక వంపునకు అలవాటుపడుచున్నది.

మూడవ ఆట ఈ మాటను నాకు ఇంకను స్పష్టము చేసెను. దాని పేరు "దట్ డ్రాగన్, క్యాన్సర్". అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునకు చెందిన రయన్ గ్రీన్, ఏమీ గ్రీన్ అను దంపతులు తమ కుమారుడైన జోయెలును గూర్చి, తోడి పనివారితో కలిసి దీనిని చేసిరి. ఆ బిడ్డకు ఏడాది వయస్సులోనే మెదడులో క్యాన్సరు ఉన్నట్లు తెలిసెను. ఎక్కువకాలము బ్రదుకడని వైద్యులనుకొనినను ఇంక నాలుగేండ్లు బ్రదికి 2014 మార్చిలో చనిపోయెను. వాడు బ్రదికియుండగానే మొదలైన ఈ పని 2016 జనవరిలో వెలువడెను. ఆ బిడ్డ నిజమైన నవ్వే అందులో వినబడును. వారు క్రైస్తవ కుటుంబము గనుక ప్రార్థనయు, విశ్వాసమును, విశ్వాసపు కలవరమును దాపరికము లేక అందులో ఉన్నవి.

ఈ ఆటలో గెలుపు లేదు. ఒకచోట బిడ్డను చిన్న వీరునిగా చేసి ఘటసర్పముతో పోరాడింతురు. ఎంత ఆడినను అది చావదు. మరియొకచోట ఆస్పత్రి గది, రాత్రివేళ. బిడ్డకు దాహము, త్రాగినది కడుపులో నిలువదు, ఏడ్పు ఆగదు. తండ్రి ఎత్తుకొనును, ఊపును, పానీయమిచ్చును, దించును, మరల ఎత్తుకొనును. ఏ మీట నొక్కినను ఏడ్పు ఆగదు. రయన్ గ్రీన్ నిజముగా గడపిన అట్టి రాత్రియే ఈ ఆటకు పుట్టుక. చివరకు తండ్రి ఏమియు చేయలేక ప్రార్థించును, బిడ్డ నిదురించును. ఐతే రోగము పోలేదు. వేరొకచోట తండ్రి దుఃఖసముద్రములో మునుగుచుండగా తల్లి పడవలో నిరీక్షణతో కూర్చుండియుండును. ఇద్దరు విశ్వాసులే, ఒక్క యింటివారే; ఒకే దుఃఖమును రెండు విధములుగా మోయుచున్నారు. ఎవరిది సరియైనదని ఆట తీర్పు చెప్పదు. ఇంకొకచోట ఆస్పత్రి నడవలు కార్డులతో నిండియుండును. ఈ పనికి చందాలిచ్చినవారు క్యాన్సరువలన తాము పోగొట్టుకొనిన వారిని తలంచుకొని వ్రాసిన మాటలవి. నిలువబడి ఒక్కొక్కటే చదువవచ్చును, చదువక దాటిపోవచ్చును. చదివినను కథలో ఏమియు మారదు.

ఏమియు మారనప్పుడు ఏల చదువవలెను? ఈ ప్రశ్న మన ఊరిలోను కలదు. "నేను పోయి ఏమి చేయగలను? నేను వైద్యుడనా?" అని మంచము పట్టినవాని యింటికి పోనివారున్నారు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి చెప్పుటకు మాట దొరకదని ఆ వీధినే తప్పించుకొని తిరుగువారున్నారు. ఫలము కలిగించు పని మాత్రమే పని అని వారు తలంచుచున్నారు. ఆ ఆస్పత్రి గదిలో తండ్రి చేసిన పనికి ఫలమేమి? ఎత్తుకొనెను, అంతే. విడిచిపోలేదు, అంతే. ఐనను అది పని కాదని ఎవరు చెప్పగలరు?

ఈ మూడవ ఆటను ఆడువాడు ఏడ్చునెడల ఆ కన్నీరు నిజమైన కన్నీరు. ఆ కనికరము అతని హృదయములోనుండియే వచ్చినది; "ఆటే గదా" అని ఎవరును దానిని తీసివేయరు. ఆటలో కలిగిన కనికరము నిజముగా మనదైనచో, ఆటలో చూపని కనికరమును "మనది కాదు" అని ఎట్లు త్రోసివేయుదుము? మంచిని మాత్రము మన ఖాతాలో వ్రాసికొని, చెడును ఆట ఖాతాలో వ్రాయుట న్యాయమైన లెక్క కాదు.

కాబట్టి తలిదండ్రులకు ఒక మాట. "ఎంతసేపు ఆడితివి?" అని అడుగుట అవసరమే, కన్నులకు, చదువునకు, నిద్రకు అది ముఖ్యము. కాని అది మొదటి ప్రశ్న మాత్రమే. "అందులో నీవెవడవు? ఎదురైనవారెవరు? వారిని ఏమి చేసితివి? వేరొక దారి యుండెనా?" అనియు అడుగుడి. బిడ్డ చెప్పునది గద్దింపక వినుడి. అట్లు అడుగువారుండిన యింటిలో బిడ్డ, ఆడునప్పుడే తన్నుతాను అడుగుకొనుట నేర్చుకొనును. ఆటను ఎన్నుకొనుటలోను శ్రద్ధ కావలెను. నేను చెప్పిన మొదటి ఆటయు మూడవ ఆటయు పసిపిల్లలకు తగినవి కావు. మరియు ముగింపు గల ఆటకును, ముగింపు లేని ఆటకును భేదమున్నది. ఈ మూడును ముగియును. ముగిసి మనలను మన యింటికి, మన పనికి విడిచిపెట్టును. సెల్‌ఫోనులో ఎన్నో ఆటలు ఎన్నటికిని ముగియకుండునట్లు చేయబడినవి. అవి ఆలోచించుటకు విరామమియ్యవు. ముగియని ఆటను మనమే ముగింపవలెను.

యౌవనస్థులకును ఒక మాట. మీరు ఒక ఆటను ముగించినప్పుడు, గెలిచితిని అని స్నేహితునితో చెప్పుకొనుటకు ముందు, అందులో మీకు దయచూపుటకు దొరికిన చోటు ఎంతయో, దానిని ఏమి చేసితిరో ఒక్క నిమిషము లెక్క చూచుకొనుడి. ఆ బొమ్మలు మిమ్మును ఏమియు అడుగవు, తెర ఆర్పగానే పోవును. కాని రేపు ఉదయము మీ గుమ్మములోనికి ఎవరో ఒకరు చేతిలో తప్పుడు కాగితముతోనో, తీరని రోగముతోనో, వినుటకు ఓపిక చాలని పొడుగైన మొఱతోనో వత్తురు. వారిని వినవలసినదియు ఆ చెవియే, వారియెడల చాపవలసినదియు ఆ చెయ్యియే.